మా మేనకోడలి కాలపట్టిక

(ఉగాది సాయంకాలపు సభలో చదివిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు వచ్చి, ఈసారి మీరు కూడ నాలుగు మాటలు చెప్పవలెనన్నప్పుడు మేము మొదట తప్పించుకొన చూచాము. ఈ వేదికమీద లెక్చరర్లు మాట్లాడారు, డాక్టర్లు మాట్లాడారు. మా చదువు మెట్రిక్కుతో ఆగింది. రైల్వేలో నాల్గవ తరగతి ఉద్యోగంలో చేరి, శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తా అయినవాళ్ళము. సెలవుల కాగితాలు, సర్వీసు పుస్తకాలు తప్ప మాకు వేరే గ్రంథాలు తెలియవు. ఆమాటే అంటే కార్యదర్శిగారు నవ్వి, "మీ ఇంట్లో రెండు నెలలుగా నలుగుతున్న సంగతే చెప్పండి. మిగతా ఇళ్ళలోనూ నలుగుతున్నది అదే" అన్నారు.

ముందుగా ఒక మనవి. చదువుతున్న గొంతు ఒకటే గాని, ఈ మాటలు మా దంపతులిద్దరివీ. మాలో ఒకరు గుమాస్తా, మరొకరు నర్సు. అందుచేత మొదటినుంచి చివరవరకు "మేము" అనే అంటాము. ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో మీకే తెలుస్తుంది.

సంగతి ఇది. మా అప్పగారి అమ్మాయికి ఇరవైనాలుగేళ్ళు. భువనేశ్వర్‌లో బి.యస్సీ. నర్సింగు పూర్తిచేసి, రెండేళ్ళుగా ఒక ఆసుపత్రిలో ఐ.సి.యు.లో పనిచేస్తున్నది. మొన్న సంక్రాంతి వెళ్ళాక విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఇంజనీరు. కుటుంబం మంచిది. జాతకాలు కలిశాయి. మాట అనుకుందామని కూర్చున్న నాడు అమ్మాయి లోపలినుంచి వచ్చి మా పక్కన నిలబడి, "మావయ్యా, పెళ్ళి వద్దనటం లేదు. నేను మత్తు ఇచ్చే నర్సు పని నేర్చుకోవాలనుకుంటున్నాను. అది అమెరికాలో ఉంది. చాలా ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పండి. పెళ్ళయ్యాక చెపితే మోసం అవుతుంది" అన్నది.

మా అప్ప గుండెమీద చేయి వేసుకున్నది. బావగారు పంచాంగం మూసేశారు. మేము, సిగ్గువిడిచి చెబుతున్నాము, "ఆ మత్తుమందు పని నీకెందుకమ్మా, ఉన్న నర్సు పని చాలదా?" అన్నాము. అన్న తర్వాత ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఎందుకు పట్టలేదో తరువాత చెబుతాము. ముందు ఆ పని ఏమిటో చెప్పుకుందాము, ఎందుకంటే మేమూ అది తెలియకుండానే మాట్లాడాము.

శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవచ్చునని లోకమంతా ఎరిగినది 1846వ సంవత్సరం అక్టోబరు 16న. ఆనాడు బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు పీల్పించి, నలుగురెదుట ఆపరేషన్ చేయించాడు. మరుసటి ఏడే క్లోరోఫారం వాడుకలోకి వచ్చింది. నొప్పి పోయింది గాని, మత్తులోనే ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు. అది గుండె ఆగి పోతున్నదా, ఊపిరి ఆగి పోతున్నదా అని వైద్యులలో పెద్ద తగవు. ఆ తగవును తేల్చడానికి పరిశోధన జరిగింది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులో. 1888లోను, 1889లోను నిజాం ప్రభుత్వపు ఖర్చుతో రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ లారీ దానికి నడుం కట్టాడు. రెండవదానికి ఇంగ్లండు నుండి లాడర్ బ్రంటన్ అనే పేరుపొందిన వైద్యుడు వచ్చాడు. రోగి ఊపిరిని కనిపెట్టి ఉండండి, అదే ముఖ్యమని వారు చెప్పారు. గుండెకు భయం లేదన్న వారి తీర్పు తరువాతి పరిశోధనలలో నిలవలేదు. ఊపిరిని కనిపెట్టవలెనన్న మాట మాత్రం ఈనాటికీ నిలిచే ఉన్నది.

ఆ రోజులలోనే హైదరాబాదు వైద్య విద్యాలయంలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ మహిళ క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలో మత్తువైద్యం చేసిన తొలి మహిళలలో ఒకరుగా ఆమెను చెప్పుకుంటారు. తరువాత ఎడింబరోకు పోయి ఇంకా చదివి వచ్చారు. ఆడపిల్లకు ఈ పని కొత్త అనేవారు ఈ ఒక్క పేరు గుర్తుంచుకుంటే చాలు.

అమెరికాలో ఈ పనికి నర్సులు మొదటినుంచీ వచ్చారు. రోచెస్టర్ అనే ఊళ్ళో మేయో సోదరుల ఆసుపత్రిలో ఆలిస్ మెగా అనే నర్సు ముఖంమీది గుడ్డపై ఈథరు చుక్క చుక్కగా వేస్తూ, రోగితో మెల్లగా మాట్లాడుతూ నిద్రపుచ్చేది. 14,000కు పైగా రోగులకు మత్తు ఇచ్చినా దానివల్ల ఒక్క ప్రాణం కూడ పోలేదని 1906లో లెక్క ప్రకటించింది. ఆ వరుసలో వచ్చినదే ఈనాటి నర్సు ఎనస్తటిస్టు వృత్తి. అక్కడ కొన్ని రాష్ట్రాలలో వారు స్వతంత్రంగాను, కొన్నిట వైద్యుని పర్యవేక్షణలోను పనిచేస్తారు. పల్లెటూరి ఆసుపత్రులలో అనేకచోట్ల మత్తు ఇచ్చేది వారే. మన దేశంలో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ మత్తు ఇవ్వడం వైద్యుని పని, నర్సు, టెక్నీషియన్ సాయపడతారు. కాబట్టి పిల్ల అమెరికా పేరెత్తడం సరదాకు కాదు.

మాలో నర్సు పని చేసేవారు ఈ పనిని మా అప్పకు ఇలా చెప్పారు: "వదినా, నిద్రపుచ్చడం ఒక్క నిమిషం పని. తరువాత కోత అయ్యేదాకా తల దగ్గర నిలబడి ఊపిరి, నాడి, రక్తపోటు చూస్తూ, మందు పెంచుతూ తగ్గిస్తూ, మళ్ళీ మనిషిని తన మనిషిగా లేపి అప్పగించడం అసలు పని." మాలో గుమాస్తా దానికి తన పోలిక ఒకటి చేర్చాడు. బండి నడిపేవాడు ముందుంటాడు, అందరికీ వాడే కనబడతాడు. వెనుక పెట్టెలో గార్డు ఉంటాడు. 2022 నుంచి ఆయనను ట్రెయిన్ మేనేజరు అంటున్నారు గాని మన నోటికి గార్డే. బండి క్షేమంగా చేరేదాకా ఆయన కన్ను మూయడు. ఇదీ అట్టిదే. బావగారు నలభై ఏళ్ళు రైల్వేలో ఉన్న మనిషి. ఆ పోలిక విని తల ఊపారు.

ఇక చదువు సంగతి. రైల్వేవాళ్ళము గనుక ఒక పెద్ద కాగితం తీసుకుని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, టైంటేబిలు వేసినట్లు వేశాము. స్టేషన్లు ఇవి.

బి.యస్సీ. నర్సింగు, ఐ.సి.యు. అనుభవం: ఈ రెండూ దాటేసింది. తరువాతిది అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష. అది మన దేశంలోని పెద్ద పట్టణాలలోనే కూర్చుని వ్రాయవచ్చు. దానితోపాటు ఇంగ్లీషు పరీక్ష, ఇక్కడి పట్టాల పరిశీలన. తరువాత అక్కడి ఆసుపత్రి ఒకటి ఈమెను కోరి దరఖాస్తు పెట్టాలి. అక్కడికి వెళ్ళాక మత్తు చదువులో చేరాలంటే కనీసం ఒక ఏడు ఐ.సి.యు. అనుభవం అడుగుతారు. చాలామంది రెండు మూడేళ్ళు చేసి చేరుతారు, అక్కడి అనుభవమే కావాలనే బడులూ అనేకం. ఆ చదువు మూడేళ్ళు. 2022 జనవరి నుంచి చేరేవారందరికీ అది డాక్టరేటు చదువు. అందులో కనీసం 600 మందికి మత్తు ఇచ్చి, 2,000 గంటలు ఆసుపత్రిలో పనిచేసి చూపాలి. ఆ మూడేళ్ళూ మరొక ఉద్యోగం చేయడం దాదాపు పడదు. ఖర్చు లక్ష డాలర్లు దాటే చోట్లు చాలా ఉన్నాయి. చివర జాతీయ పరీక్ష. గెలిస్తే ఏడాదికి రెండు లక్షల డాలర్లకు పైబడిన జీతం. డబ్బు మాట వినగానే మా ఇంట్లో రెండు మూడు ముఖాలు వెలిగాయి. అందుకే ఖర్చు ముందు చెప్పాము.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడే మాకు ఒక సంగతి తెలిసి కాగితంమీద పెన్సిలు ఆగిపోయింది. నర్సులు శాశ్వత నివాసానికి సాధారణంగా నిలబడే వరుసలో, మన దేశంలో పుట్టినవారు పదేండ్లకు మించి నిరీక్షించవలసి వస్తున్నది. ఏటా ఒక్కొక్క దేశానికి ఇంతకు మించకుండా అని ఒక పరిమితి ఉండటమే దానికి కారణం. ఆసుపత్రి దరఖాస్తు పెట్టిన తేదీయే మన టోకెను. అమ్మాయికి ఇరవైఆరో ఏట టోకెను దొరికిందనుకోండి. ఇప్పటి నడక ప్రకారం వెళ్ళేసరికి ముప్పైయారు దాటుతుంది. అక్కడ రెండేళ్ళ పని, మూడేళ్ళ చదువు. నలభైఒకటో నలభైరెండో.

"నలభైరెండేళ్ళకా!" అన్నది మా అప్ప.

"ఊరికే కూర్చున్నా నలభైరెండు వస్తాయి కదే అమ్మా" అన్నది పిల్ల.

ఆ కాగితాన్ని మేమిద్దరం రాత్రి మళ్ళీ ముందేసుకుని చూచాము. చూడగా చూడగా మాకు ఒకటి తట్టింది. ఇన్నాళ్ళూ మేము అనుకున్నదేమి? ఈ చదువు పెళ్ళికి అడ్డం, పెళ్ళి ఈ చదువుకు అడ్డం అని. కాగితం చూపేది వేరు. అన్నిటికన్నా పొడుగైన స్టేషను నిరీక్షణ. ఆ పదేళ్ళు అమ్మాయి పెళ్ళి చేసుకోకుండా కూర్చున్నా వరుస ఒక్క అడుగు ముందుకు జరగదు, చేసుకున్నా ఒక్క అడుగు వెనక్కు పోదు. పెళ్ళి, పిల్లలు, వాళ్ళ పసితనం, ఇవన్నీ ఆ పదేళ్ళలో పడతాయి. పైగా ఆమె శాశ్వత నివాసిగా అక్కడ అడుగుపెట్టే నాటికే పెళ్ళయి ఉంటే భర్తా, ఇరవైఒక్క ఏళ్ళు నిండని పిల్లలూ అదే వరుసలో ఆమెతోపాటు వెళ్ళవచ్చు. వెళ్ళిన తరువాత చేసుకుంటే భర్తకు వేరే దరఖాస్తు, వేరే నిరీక్షణ. అంటే ముందు పెళ్ళి కావడమే ఈ ప్రయాణానికి అనుకూలం!

మరి ఇబ్బంది ఎక్కడ? ఆ మూడేళ్ళలో. ముప్పైయెనిమిదేళ్ళ తల్లి, బడికి పోయే పిల్లలు, సంపాదన లేదు, అప్పు ఉంది, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆపరేషన్ థియేటర్‌కు పోవాలి. అప్పుడు ఇల్లు నడిపేది ఎవరు? భర్త. వంట, పిల్లల జ్వరాలు, బడి, తన ఉద్యోగం అన్నీ. ఆ మాట పద్నాలుగేళ్ళ తరువాత అడిగేది కాదు. పసుపు కుంకాలు మార్చుకోకముందే అడిగేది. పిల్ల ఆ నాడు మా పక్కన నిలబడి అడగమన్నది అదే. మాకే ఆలస్యంగా అర్థమయింది.

ఇప్పుడు ఆ రాత్రి మాకు నిద్ర ఎందుకు పట్టలేదో చెబుతాము. మాలో నర్సు పని చేసేవారు చదివింది మూడేళ్ళ జనరల్ నర్సింగు. రోజూ రైల్లో భువనేశ్వర్ పోయి వస్తారు. ఎనిమిదేళ్ళ కింద రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ.లో సీటు వచ్చింది. పెద్దవాడికి అప్పుడు ఎనిమిది నెలలు. "పిల్లాడు కొంచెం పెద్దవాడు కానీ, వచ్చే ఏడు చూద్దాం" అనుకున్నాము. వచ్చే ఏడు అమ్మకు కంటి ఆపరేషన్. ఆ పై ఏడు క్వార్టరు మారాము. తరువాత చిన్నది పుట్టింది. చదువు వద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. సరే, వెళ్ళు, ఇల్లు మేము చూస్తామని కూడ ఎవరూ అనలేదు. ఆ సీటు కాగితం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో పెళ్ళి ఫొటోల కింద ఉన్నది. మేనకోడలితో "ఉన్న పని చాలదా" అన్న నోరు ఆ గుమాస్తాదే. ఆ రాత్రి నర్సుగారు పెట్టె తెరిచి ఆ కాగితం తీసి బల్లమీద పెట్టారు. ఏమీ అనలేదు. ఇదంతా ఆమె అనుమతితోనే చదువుతున్నాము.

కాబట్టి పెద్దలకు మా మొదటి మనవి: వాయిదా వేయవలసి వస్తే, ఏ ఏడు, ఏ నెల అని తేదీ వ్రాసి వాయిదా వేయండి. తేదీ లేని వాయిదాకు మా ఇల్లే సాక్ష్యం.

రెండవది సెలవుల సంగతి. ఇది మా సెక్షన్ పని గనుక నాలుగు మాటలు ధైర్యంగా చెబుతాము. కేంద్ర ప్రభుత్వ, రైల్వే ఉద్యోగినులకు ప్రసూతి సెలవు 180 రోజులు. పిల్లల సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 730 రోజులు, పెద్దవారైన ఇద్దరు పిల్లలకు, వారికి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా. మొదటి 365 రోజులు పూర్తి జీతం, మిగతా 365 రోజులు నూటికి ఎనభై వంతున. అయితే అది హక్కుగా అడిగే సెలవు కాదు, మంజూరు కావాలి. రేపు పరీక్షనగా ఇవాళ దరఖాస్తు తెచ్చేవారు చాలామంది. నెల ముందు తెస్తే మాకూ సుఖం, మీకూ సుఖం. ప్రైవేటు ఆసుపత్రులలో పనిచేసేవారికి 1961 నాటి ప్రసూతి చట్టానికి 2017లో జరిగిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో సెలవు వచ్చింది. యాభైమంది, ఆ పైన పనిచేసే చోట శిశువిహారం కూడ ఉండాలి. అడగండి. అడగనివారికి ఇచ్చినవారు మాకు ఇంతవరకు తారసపడలేదు.

మూడవది: ఒక్క దారినే నమ్ముకోవద్దు. వరుస నడవకపోవచ్చు, అక్కడి నిబంధనలు మారవచ్చు. అందుకని అమ్మాయి కాగితంలో మధ్య స్టేషన్లు కూడ వ్రాశాము. ఇక్కడ నర్సింగు కౌన్సిలు వారి క్రిటికల్ కేర్ నర్సు ప్రాక్టీషనరు చదువు రెండేళ్ళ మాస్టర్సు. ఆపరేషన్ థియేటర్ నర్సింగులోను, క్రిటికల్ కేర్‌లోను ఒక ఏడాది డిప్లొమాలు ఉన్నాయి. రైల్వే బోర్డు పరీక్ష వ్రాసి నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరితే ఏడవ వేతన సంఘం లెక్కన మూల వేతనం 44,900తో మొదలు. ఇవి ఓడిపోయినవాళ్ళు దిగే స్టేషన్లు కావు. రోగి తల దగ్గర నిలబడి ఊపిరిని కనిపెట్టే పని ఇక్కడా ఉంది. బండి ముందుకు పోతే మంచిదే, ఇక్కడే దిగినా ఊరు మంచిదే.

నాలుగవది: దళారీల సంగతి. ఏడాదిలో పంపిస్తామని చెప్పి మూడు లక్షలు అడిగినవాడు మా అప్ప ఇంటికి కూడ వచ్చాడు. వరుస పదేళ్ళని తెలిసిన తరువాత వాడి మాట ఎంతో మాకు తెలిసిపోయింది. రూపాయి ఇచ్చే ముందు వాడు 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటేనా కాదా చూసుకోండి.

ఇక మగపిల్లల తల్లులకు, తండ్రులకు ఒక్క మాట. తూర్పుతీరపు రైలుమార్గం వేసిన 1890ల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపునుంచి మనవాళ్ళు ఈ ఖుర్దా రోడ్డు చేరారు. మగవాడు లైనుమీద పదిరోజులుంటే ఇంట్లో ఆడది బియ్యం, బొగ్గు, పిల్లలు, అత్తమామలు అన్నీ ఒంటిచేత్తో చూసుకుంది. దానిని ఎవరూ త్యాగమనలేదు, డ్యూటీ అన్నారు. ఇప్పుడు మూడేళ్ళు ఆ డ్యూటీ మగపిల్లవాడికి పడవచ్చు. వాడికి అన్నం వార్చడం ఇప్పటినుంచే నేర్పండి. మా పెద్దవాడికి నేర్పుతున్నాము. అన్నం కొంచెం ముద్దవుతున్నది. తింటున్నాము.

విజయనగరం సంగతి ఏమైందని మీరడుగుతారు. మొదట మా అప్ప, ఈ కాగితం వాళ్ళకు చూపితే సంబంధం తప్పిపోతుందని ఏడ్చింది. బావగారే అన్నారు: "చూపిస్తే తప్పిపోయే సంబంధం, చూపకపోతే ఎప్పుడో తప్పుతుంది. అప్పటికి పిల్ల వాళ్ళింట్లో ఉంటుంది." ఆ మాటతో కాగితాన్ని సాపు వ్రాసి, మేమే తీసుకుని వెళ్ళాము. అబ్బాయి తండ్రి రెండుసార్లు చదివారు. తల్లి, "రాత్రి డ్యూటీలు ఎన్నాళ్ళు?" అని అడిగింది. చెప్పాము. అబ్బాయి ఆ మూడేళ్ళ గడిమీద వేలు పెట్టి, "ఇక్కడ నాకు అక్కడ ఉద్యోగం లేకపోతే?" అన్నాడు. మంచి ప్రశ్న. మా దగ్గర జవాబు లేదు. "మీరిద్దరూ కూర్చుని ఆలోచించవలసిన గడి అదే నాయనా" అన్నాము. అమ్మాయితో ఫోనులో మాట్లాడతానన్నాడు. మాట్లాడుతున్నాడని విన్నాము. ఉగాది వెళ్ళాక కబురు చేస్తామన్నారు. ఇవాళ ఉగాది. కబురు ఇంకా రాలేదు.

వస్తే సంతోషం. రాకపోయినా ఆ కాగితం చింపవద్దని అమ్మాయికి చెప్పాము. వచ్చే నెల ఇంగ్లీషు పరీక్షకు రుసుము కట్టడానికి మా అప్ప తన చీటీ డబ్బు తీసి ఇచ్చింది. గుండెమీద చేయి వేసుకున్న అప్పే!

సంఘంవారికి ఒక కోరిక. నర్సింగు చదువుతున్న మన పిల్లలు ఈ కాలనీలలోనే చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒక సాయంత్రం వాళ్ళను, వాళ్ళ తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ లెక్కలు తెలిసినవారిచేత చెప్పించండి. అంతవరకు, ఆదివారం సాయంత్రాలు మా క్వార్టరు తలుపు తీసే ఉంటుంది. సెలవు నిబంధనలు గుమాస్తా చెబుతాడు, తక్కినవి నర్సుగారు చెబుతారు. పెద్ద కాగితం, పెన్సిలు మా దగ్గర ఉన్నాయి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాము. ఇది వ్రాసేటప్పుడు మాకోసం కూడ ఒక చిన్న కాగితం తీశాము. చిన్నది ఈ జూన్‌లో బడికి పోతుంది. పోస్ట్ బేసిక్ దరఖాస్తులు ఈ ఏడు పడినప్పుడు మా ఇంటినుంచి ఒకటి వెళుతుంది. ఈసారి తేదీ వ్రాశాము. ఇంతమంది పెద్దల ఎదుట చదివాము గనుక ఇక వెనక్కు తీసుకోవడం మా గుమాస్తా తరం కాదు.